గుణకారం గుర్తు తెచ్చిన పాదిరి: అపోహలు, వాస్తవాలు

లెక్కలు చెప్పేవాళ్లం గుణకారం గుర్తు (×) బోర్డు మీద వేయని రోజుండదు. దాన్ని వాడుకలోకి తెచ్చిన 17వ శతాబ్దపు ఇంగ్లండ్ గణితవేత్త విలియం ఆట్రెడ్ గురించి మాత్రం క్లాసుల్లో తప్పుడు కబుర్లే ఎక్కువ నడుస్తుంటాయి.

అపోహ: ఆయన యూనివర్సిటీ ప్రొఫెసర్.
కాదు. చదివింది కేంబ్రిడ్జ్‌లోనే అయినా, ఇంగ్లండ్‌లోని సర్రీలో ఆల్బరీ అనే పల్లెకు దాదాపు యాభై ఏళ్లు పాదిరిగా ఉన్నాడు. ఖగోళ శాస్త్రవేత్త సేత్ వార్డ్, భవన శిల్పి క్రిస్టఫర్ రెన్ లాంటివాళ్లకు పైసా తీసుకోకుండా లెక్కలు నేర్పాడు. మరి చర్చిలో ప్రసంగాలు? బుర్రంతా లెక్కల మీదే ఉండేది కాబట్టి అవి చాలా పేలవంగా ఉండేవని పక్క ఊళ్ల పాదిరులు చెప్పుకునేవారట. అంతర్యుద్ధ కాలంలో రాజు పక్షం వాడని పదవి ఊడే పరిస్థితి వచ్చాక కూర్చుని దైవశాస్త్రం చదివి, ముసలితనంలో అద్భుతంగా ప్రసంగించాడని ఆ కాలపు రచయిత జాన్ ఆబ్రే రాశాడు. ఉద్యోగం టెన్షన్ ఎవరినైనా చదివిస్తుంది మరి!

అపోహ: స్లైడ్ రూల్ (స్కేళ్లను జరిపి లెక్కలు చేసే పరికరం) స్కాట్లండ్ గణితవేత్త నేపియర్ కనిపెట్టాడు.
నేపియర్ 1614లో ఇచ్చింది లాగరిథమ్‌లు, అంటే గుణకారాన్ని కూడికగా మార్చే సంఖ్యలు. 1620 ప్రాంతంలో ఇంగ్లండ్ గణితవేత్త ఎడ్మండ్ గంటర్ వాటిని స్కేలు మీద పొడవులుగా గీసి, డివైడర్‌తో కొలిచి కూడేవాడు. అలాంటి రెండు స్కేళ్లను పక్కపక్కన జరిపితే డివైడరే అక్కర్లేదన్నది ఆట్రెడ్ ఆలోచన. 2ని 3తో గుణించాలంటే, జరిగే స్కేలు మీది 1ని కింది స్కేలు 2కి ఎదురుగా పెట్టండి. పై 3కి ఎదురుగా కింద 6 కనిపిస్తుంది. 20ని 30తో గుణించినా అదే 6. సున్నాలు, దశాంశ బిందువు మనమే చూసుకోవాలి. 1970ల్లో కాలిక్యులేటర్లు వచ్చేదాకా ఇంజినీర్లకు ఇదే దిక్కు. గుండ్రటి స్లైడ్ రూల్ గురించి ముందు, 1630లోనే, అచ్చు వేసింది ఆయన పాత శిష్యుడు రిచర్డ్ డెలమేన్. ఎవరిది ముందని ఇద్దరూ గట్టిగానే కొట్లాడుకున్నారు.

అపోహ: గుణకారం గుర్తును అందరూ వెంటనే ఒప్పుకున్నారు.
1631లో వచ్చిన ఆట్రెడ్ పుస్తకం 'క్లావిస్ మేథమెటికే'తో అది వ్యాపించిన మాట నిజమే. జర్మన్ గణితవేత్త లైబ్నిజ్‌కు మాత్రం నచ్చలేదు. ఎక్స్ అక్షరంలా ఉందని 1698లో ఒక ఉత్తరంలో రాసి, తాను చుక్క వాడాడు. బీజగణితం మొదలుపెట్టిన ఏ పిల్లాడి నోటుబుక్ చూసినా లైబ్నిజ్ గొడవేమిటో తెలుస్తుంది.

అపోహ: దేశం విడిచి వెళ్లిన రాజు తిరిగొస్తున్నాడన్న వార్త విని ఆట్రెడ్ ఆనందంతో ప్రాణం విడిచాడు.
కథ బాగుంది కానీ తేదీలు కుదరవు. ఆ రాజు రెండో చార్లెస్ లండన్‌లో అడుగుపెట్టింది 1660 మే 29న, ఆట్రెడ్ పోయింది జూన్ 30న. అప్పటికి ఆయనకు ఎనభై ఐదేళ్లు దాటాయి.