షోపాన్‌కీ కొమెడాకీ మధ్య ఒక పియానో

పోలండ్ జాజ్ పియానిస్టు లెషెక్ మోజ్జెర్ 2024లో వచ్చిన ‘బీమో’ ఆల్బమ్‌లో ఒక్కడే మూడు గ్రాండ్ పియానోలు వాయించాడు. మూడింటి శ్రుతీ వేరు. ఒకటి మామూలుది. ఇంకొకదాన్ని కాస్త కిందికి దించారు. మూడోదానిలో స్థాయిని పన్నెండుకు బదులు పది సమాన భాగాలు చేశారు. మొదట వింటుంటే పియానో పాడైందేమో అనిపిస్తుంది. కాసేపటికి చెవి సర్దుకుంటుంది. గమకాలు వింటూ పెరిగిన మన చెవికి ఆ ఇబ్బంది కాస్త తక్కువే అనుకుంటా.

మూడు దశాబ్దాలుగా దేశమంతా తెలిసిన కళాకారుడికి, ఉన్న పియానో చాలదనిపించడం ఏమిటి? ఆ దేశంలో పియానో పుట్టుకతోనే బరువులు మోస్తుంది. దాని ముందు కూర్చున్నవాడి వెనక ఇద్దరు నిలబడి ఉంటారు. ఒకరు పంతొమ్మిదో శతాబ్దపు స్వరకర్త ఫ్రెడెరిక్ షోపాన్. రెండోవాడు కొమెడా, చెవి, ముక్కు, గొంతు డాక్టరు.

షోపాన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అందరికీ తెలిసిన పేరే. కానీ పోలండ్‌లో ఆయన సంగీతం రాజకీయం కూడా. నాజీలు వార్సాను ఆక్రమించాక ఆయన రచనలు వాయించడాన్ని నిషేధించారు. వాజెంకి పార్కులోని ఆయన విగ్రహాన్ని 1940 మే 31న పేల్చేశారు. అది మళ్లీ నిలబడింది 1958లో. యుద్ధం తర్వాత వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వం ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. ఊరూరా ప్రభుత్వ సంగీత పాఠశాలలు పెట్టింది. పిల్లలు అక్కడ ఏళ్ల తరబడి పియానో నేర్చుకునేవాళ్లు. మన దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలు త్యాగయ్య కృతిని తప్పించుకోలేనట్టే, అక్కడి పిల్లలు షోపాన్ మజుర్కాను, అంటే పోలిష్ నాట్యం వరసలో కట్టిన పియానో ముక్కను తప్పించుకోలేరు.

అదే ప్రభుత్వానికి జాజ్ అంటే పడేది కాదు. అది అమెరికా సంగీతం, శత్రువు సంగీతం. 1949 నుంచి స్టాలిన్ చనిపోయి పరిస్థితి సడలేవరకు, జాజ్ వేదికల మీద కాకుండా ఇళ్లలో, తెలిసినవాళ్ల మధ్య బతికింది. ఆ కాలాన్ని పోలిష్ జాజ్ వాళ్లు ఇప్పటికీ ‘కాటకూంబీ’ అంటారు, అంటే నేలమాళిగలు. వూచ్ నగరంలో మెలోమానీ అనే బృందం ఆ కాలానిదే. అందులో పియానిస్టు అంజెయ్ త్షాస్కోవ్‌స్కీ. తర్వాతి రోజుల్లో ఆధునిక జాజ్‌కు పెద్దదిక్కుల్లో ఒకడయ్యాడు.

ఇక ఆ డాక్టరు. అసలు పేరు క్షిష్టోఫ్ త్షిచిన్‌స్కీ. 1931లో పొజ్నాన్‌లో పుట్టాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి కాలు కుంటింది. వైద్యం చదివి క్లినిక్‌లో పనిచేస్తూ రాత్రిళ్లు జాజ్ వాయించేవాడు. పగలు గొంతులు పరీక్షించే డాక్టరు రాత్రి ఈ సంగీతం వాయిస్తున్నాడని తెలిస్తే పరువు పోతుందని, తోటి ఉద్యోగులకు తెలియకుండా కొమెడా అని పేరు మార్చుకున్నాడు. కొమెడా అన్న మాట చిన్ననాటి ఆటల నుంచి వచ్చిందని చెబుతారు. పిల్లలు సైనికుల ఆట ఆడుతూ గోడ మీద ‘కొమెండా’ (సైనిక కార్యాలయం) అని రాయబోయి ఒక అక్షరం మింగేశారట. ఆ తప్పే పేరైంది.

1956 జూన్‌లో పొజ్నాన్ కార్మికులు వీధుల్లోకి వచ్చారు, వాళ్ల మీద కాల్పులు జరిగాయి. కొన్ని వారాలకే, ఆగస్టులో, బాల్టిక్ తీరంలోని సోపోత్‌లో దేశంలో మొదటి జాజ్ ఉత్సవం పెట్టారు. నేలమాళిగల్లోంచి జాజ్ ఒక్కసారిగా వీధికెక్కింది. అక్కడే కొమెడా సెక్స్‌టెట్ పేరు దేశమంతా పాకింది. జనం డాన్స్ చేసే పాత తరహా జాజ్ కోసం వస్తే, ఈ ఆరుగురు చల్లగా, ఆలోచిస్తూ వాయించే కొత్త తరహా వినిపించారు.

1958లో అమెరికా విదేశాంగ శాఖ తమ దేశపు జాజ్ పియానిస్టు డేవ్ బ్రూబెక్ క్వార్టెట్‌ను, అంటే నలుగురి బృందాన్ని, పోలండ్ పంపింది. బ్రూబెక్ షోపాన్ ఇంటిని చూసి, ఆ ప్రభావంతో ఒక పియానో ముక్క కట్టి పోలండ్‌లోనే వాయించాడు. దాని పేరు ‘జెంకూయె’. పోలిష్‌లో ధన్యవాదాలు అని అర్థం. అదే యాత్రలో ఆయన బృందం ఇండియాకూ వచ్చింది. ఆ ఏడాదే వచ్చిన ఆల్బమ్‌లో ‘జెంకూయె’తో పాటు ‘కలకత్తా బ్లూస్’ కూడా ఉంటుంది. ప్రభుత్వాలు ప్రచారం కోసం చేసిన పనే అయినా, పోలిష్ కుర్రాళ్లకు ఒక విషయం అర్థమైంది. షోపాన్, జాజ్ ఒకే పియానో మీద ఇమడగలవని అమెరికావాడే వచ్చి వాయించి చూపించాడు.

కొమెడా మాత్రం ఆ దారి పట్టలేదు. షోపాన్‌ను జాజ్‌లోకి తేవడం కన్నా సినిమాకు సంగీతం ఇవ్వడం మీదే ఆయనకు మక్కువ. దర్శకుడు రోమన్ పొలాన్‌స్కీ ‘నైఫ్ ఇన్ ది వాటర్’కూ, తర్వాత హాలీవుడ్‌లో ‘రోజ్‌మేరీస్ బేబీ’కీ సంగీతం ఆయనదే. 1965 డిసెంబరులో వార్సాలో రికార్డు చేసిన ‘ఆస్టిగ్మాటిక్’ ఆల్బమ్ మాత్రం సినిమా కోసం చేసింది కాదు. ట్రంపెట్ మీద తొమాష్ స్తాంకో, సాక్సఫోన్ మీద జ్బిగ్‌న్యెఫ్ నామిస్వోఫ్‌స్కీ. బేస్ వాయించినవాడు జర్మన్, డ్రమ్మర్ స్వీడన్‌వాడు. ఉన్నవి మూడే ముక్కలు. మొదటిదే రికార్డులో ఒక వైపంతా ఆక్రమిస్తుంది. వినేటప్పుడు గమనించండి, నాయకుడు పియానిస్టే గానీ ఎక్కువసేపు ముందుకు రాడు. నాలుగు స్వరాలు వేసి ఆగుతాడు, మిగతావాళ్లు ఆ ఖాళీలోకి దూకుతారు. అమెరికా జాజ్‌లోని ఊపు ఇందులో తక్కువ, దిగులు ఎక్కువ. యూరప్ జాజ్ తన సొంత గొంతుతో మాట్లాడింది ఇక్కడే అని చాలామంది విమర్శకులు అంటారు. నాకూ అలాగే అనిపిస్తుంది.

1968 చివర్లో లాస్ ఏంజలెస్‌లో ఒక ప్రమాదంలో కొమెడా తలకు దెబ్బ తగిలింది. కోమాలోనే వార్సా తీసుకొచ్చారు. 1969 ఏప్రిల్ 23న పోయాడు. ఇంకో నాలుగు రోజులు బతికితే 38 నిండేవి.

ఆ తర్వాతి తరం రెండు దారులు పట్టింది. ఒకటి మియెచిస్వాఫ్ కోష్‌ది. కళ్లు లేని పియానిస్టు. 1971 నాటి ‘రెమినిసెన్స్’లో షోపాన్, బోరోదిన్ వంటి స్వరకర్తల రచనలను జాజ్ ట్రియోకు, అంటే ముగ్గురి బృందానికి, తెచ్చాడు. 1973లో వార్సాలో కిటికీలోంచి పడి చనిపోయాడు, 29 ఏళ్లకే. రెండో దారి కరెంటు వాద్యాల దారి. వొయ్‌చెఖ్ కారోలాక్ హామండ్ ఆర్గన్ ముందు కూర్చున్నాడు. ఆయన ‘ఈజీ!’ వింటే అది ఇనుప తెర వెనక నుంచి వచ్చిందంటే నమ్మలేం, అంత ఫంక్, అంటే అంత ఊపు. క్రాకూఫ్‌లో కీబోర్డు వాద్యకారుడు యానుష్ గ్జివాచ్ నడిపిన లాబొరాటోరియం బృందం, జాజ్‌ను రాక్‌తో కలిపే ఫ్యూజన్‌ను ఇంకా వింత వైపు లాక్కెళ్లింది. ఆదాం మాకోవిచ్ మామూలు పియానోతోనే న్యూయార్క్ వెళ్లి 1978లో అక్కడ స్థిరపడ్డాడు. ఈలోగా కటొవిత్సె సంగీత విద్యాలయంలో 1968 నుంచే జాజ్ పాఠ్యాంశమైంది. నేలమాళిగల నుంచి డిగ్రీ దాకా ఇరవై ఏళ్లే పట్టింది.

1989లో ప్రభుత్వం మారింది. నిషేధాలు పోయాయి, వాటితోపాటు జాజ్‌కున్న ఆ తిరుగుబాటు రుచి కూడా పోయింది. మరి ఇప్పుడేం వాయించాలి? 1994లో దీనికి వింత జవాబు వచ్చింది. అంజెయ్ యాగోజిన్‌స్కీ ట్రియో ‘షోపాన్’ అనే ఆల్బమ్ తెచ్చింది. అదే ఏడాది 23 ఏళ్ల మోజ్జెర్ కూడా షోపాన్ మీద తన ఆల్బమ్ చేశాడు. అప్పటి నుంచి షోపాన్‌ను జాజ్‌గా వాయించడం పోలండ్‌లో ఒక చిన్న పరిశ్రమే అయింది. వార్షికోత్సవాలు వచ్చినప్పుడల్లా మరో పది రికార్డులు. నిజం చెప్పాలంటే వాటిలో సగం మర్యాదగా ఉండి విసుగు పుట్టిస్తాయి. దేశపు పెద్ద సంగీత అవార్డు పేరు కూడా షోపాన్ మొదటి పేరే, ఫ్రిడెరిక్.

తమాషా ఏమిటంటే అప్పుడు మోజ్జెర్‌కు రెండు జీవితాలు. షోపాన్ వాయిస్తూనే గ్దాన్‌స్క్ ప్రాంతంలో ‘మివోష్చ్’ అనే అల్లరి బృందంలోనూ ఉన్నాడు. ఆ మాటకు ప్రేమ అని అర్థం. పాతవాళ్ల జాజ్ ముసలిదైపోయిందని వెక్కిరిస్తూ, తమదాన్ని ‘యాస్’ అని పిలుచుకున్న ముఠా అది. ‘బీమో’లో శ్రుతి చెడగొట్టిన మనిషి నాకు ఈ కుర్రాడిలోనే కనిపిస్తాడు. మధ్యలో స్వీడన్ బేసిస్టు లార్స్ డేనియల్సన్, ఇజ్రాయెల్‌కు చెందిన జోహార్ ఫ్రెస్కోతో కలిసి 2005లో ‘ది టైమ్’ చేసి జాజ్ వినని ఇళ్లలోకి కూడా చేరాడు. ఫ్రెస్కో వాయించే చేతి డ్రమ్ము మన కంజీరకు దూరపు చుట్టం.

కొమెడాను మోసింది మాత్రం కొషాలిన్ పిల్లలు. మార్చిన్ వాసిలెవ్‌స్కీ, బేసిస్టు స్వావొమిర్ కుర్కియెవిచ్ అక్కడి సంగీత పాఠశాలలో కలిశారు. 1993లో డ్రమ్మర్ మిహావ్ మిష్కియెవిచ్ చేరాడు. ఆ ముగ్గురూ ఇప్పటికీ విడిపోలేదు, జాజ్‌లో ఇది అరుదు. 1995లో వాళ్ల రికార్డు పేరు ‘కొమెడా’. ‘ఆస్టిగ్మాటిక్’లో ట్రంపెట్ ఊదిన స్తాంకో ఈ కుర్రాళ్లను తన బృందంలోకి తీసుకున్నాడు. ఆయనతో కలిసి 2002లో ‘సోల్ ఆఫ్ థింగ్స్’తో ప్రపంచమంతా తిరిగారు. 2005లో ఈసీఎం అనే రికార్డు సంస్థ నుంచి సొంతంగా ‘ట్రియో’ తెచ్చారు. అందులో పోలిష్ స్వరకర్త షిమనోవ్‌స్కీ పాటా ఉంది, ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్ పాటా ఉంది, రెండూ ఒకే మనిషి రాసినట్టు వినిపిస్తాయి. 2021 నాటి ‘ఆన్ అతాందాఁ’లో బాఖ్ పక్కన డోర్స్ అనే రాక్ బృందం పాట. కొమెడా దగ్గర నేర్చిన ఖాళీ వదలడం మాత్రం ఎక్కడా పోలేదు.

వాళ్ల తర్వాతివాళ్లు ఒక్కొక్కరు ఒక్కో కిటికీ వెతుక్కున్నారు. పియోత్ర్ ఒజెఖోవ్‌స్కీ 2012లో ఆధునిక స్వరకర్త పెండెరెత్స్కీ రచనలను ఒంటరి పియానో మీదికి తెచ్చాడు. స్వావెక్ యాస్కూల్కె ‘సీ’ ఆల్బమ్‌లో పియానోను పక్కింటి నుంచి వినిపిస్తున్నంత మెత్తగా మార్చాడు. దొమినిక్ వాన్యా 2020లో ‘లోన్లీ షాడోస్’ కోసం ముందుగా ఏదీ రాసుకోకుండా పియానో ముందు కూర్చుని అప్పటికప్పుడు వాయించాడు. ఈ మధ్యకాలపు రికార్డుల్లో నేను మళ్లీ మళ్లీ పెట్టుకునేది అదే. ఆగా దెర్లాక్, కాషా పియెత్ష్కో లాంటి మహిళలు సొంత ట్రియోలు నడుపుతున్నారు. ఇన్నాళ్లూ మగవాళ్ల పేర్లే వినిపించిన ఈ చరిత్రలో అది చిన్న మార్పు కాదు.

వ్రొత్స్వాఫ్‌లో మారెక్ పెంజివ్యాత్ర్ కీబోర్డులు వాయించే ఈఏబీఎస్ బృందం హిప్‌హాప్ విని పెరిగింది. వాళ్లు 2017లో కొమెడాకు ఉత్తరాలు రాస్తున్నట్టుగా ఒక ఆల్బమ్ చేశారు. అందరికీ తెలిసిన ముక్కలు పక్కనపెట్టి, ఎవరూ పెద్దగా వినని సినిమా, బాలే సంగీతం తవ్వి తీశారు. దాన్ని విడుదల చేసిన సంస్థ పేరు ఆస్టిగ్మాటిక్ రికార్డ్స్. అదే సంస్థ 2021లో లాహోర్ బృందం జౌబీ ఆల్బమ్ తెచ్చింది. అందులో సారంగి, తబలా పక్కన కీబోర్డు మీద ఉన్నది పెంజివ్యాత్రే. 2023లో రెండు బృందాలూ కలిసి ఇంకో రికార్డు చేశాయి.