వైట్‌హేవెన్ బొగ్గు గనులు: సముద్రం కింద తవ్వకాలపై అపోహలు - వాస్తవాలు

సింగరేణి భూగర్భ గనుల్లో వెంటిలేషన్ పని చూసినవాణ్ని కాబట్టి వైట్‌హేవెన్ నాకు పాత పరిచయమే. ఇంగ్లండ్ వాయవ్యాన, కంబ్రియాలో, ఐరిష్ సముద్రం ఒడ్డున ఉన్న చిన్న రేవు ఊరు అది. గనిలో గాలిని ఎలా తిప్పాలనే చరిత్ర ఎక్కడ తీసినా ఆ ఊరి పేరు తగులుతుంది. అక్కడి గనులు సముద్రం అడుగున నాలుగు మైళ్ల దాకా వెళ్లాయని చెబితే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "నీళ్లు మీద పడవా సార్?"

అపోహ: సముద్రం కింద తవ్వితే అసలు గండం నీళ్లే.

నీళ్ల భయం ఉత్తదేమీ కాదు. వైట్‌హేవెన్‌కు ఉత్తరాన, అదే తీరంలో వర్కింగ్టన్ ఉంది. 1837 జులైలో అక్కడ సముద్రం గనిలోకి విరుచుకుపడి 27 మంది పోయారు. ఆ ప్రమాదం ఊరికే రాలేదు. కప్పును మోయడానికి వదిలిన బొగ్గు పిల్లర్లను కూడా ఆశకొద్దీ చెక్కేశారు. పైగా తవ్వకం సముద్రపు అడుగుకు మరీ దగ్గరగా పోయింది. పైన రాయి చాలినంత మందంగా ఉండి, పిల్లర్ల జోలికి పోకుండా ఉంటే సముద్రం తన మానాన తను ఉంటుంది.

వైట్‌హేవెన్‌లో వందల మందిని చంపింది నీళ్లు కాదు, గ్యాస్. బొగ్గు పొరలోంచి వచ్చే మీథేన్ గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే, ఒక్క నిప్పురవ్వ చాలు. నేల కింది గనిలో గాలి ఆడకపోతే ముందుకెళ్లి ఇంకో షాఫ్ట్ (గనిలోకి దిగే నిలువు బావి) దింపుకోవచ్చు. ఒడ్డుకు మైళ్ల దూరాన సముద్రం మధ్యలో దింపలేం కదా. ఒడ్డున లోపలికి పంపిన గాలే మైళ్ల దూరం పోయి, పని జరిగేచోట గ్యాస్‌ను మోసుకుని, మళ్లీ అన్ని మైళ్లూ వెనక్కి ఒడ్డుకే రావాలి. దారిలో ఒక్క తలుపు తెరిచి వదిలేస్తే గాలి అడ్డదారి పడుతుంది, చివర ఉన్నవాళ్లకు అందదు. మనుషులు తప్పించుకోవాలన్నా అదే దారి.

1910 మే 11న వైట్‌హేవెన్‌లోని వెల్లింగ్టన్ పిట్‌లో (పిట్ అంటే గని) జరిగింది ఇదే. లోపల పనిచేసేవాళ్లకూ షాఫ్ట్‌కూ మధ్యలో మంటలు లేచాయి. రెస్క్యూ బృందాలు వేడికి తట్టుకోలేక వెనుదిరిగాయి. చివరికి మంటకు గాలి అందకుండా గోడ కట్టి మూసేశారు. లోపల ఇంకా ప్రాణాలతో ఉన్నారేమోనని గని ముందు నిలబడ్డ కుటుంబాలకు ఆ మాట ఎలా వినబడి ఉంటుందో ఊహించండి. 136 మంది పోయారు. నెలల తర్వాత గని తెరిచాక ఒక తలుపు మీద సుద్దతో రాసిన మాటలు కనిపించాయి: నాలుగు గంటలకు ఈ గాలిదారిలో అందరం క్షేమం, 35 మందిమి ఉన్నాం అని.

అపోహ: ప్రపంచంలో సముద్రం కింద తవ్విన మొదటి గని ఇక్కడి సాల్టమ్ పిట్.

ఇంగ్లండ్ వరకు అది మొదటిదే. 1729లో మొదలుపెట్టి 1731 కల్లా షాఫ్ట్ దింపారు, లోతు 456 అడుగులు. కానీ స్కాట్లండ్‌లోని కల్రాస్ దగ్గర సర్ జార్జ్ బ్రూస్ 16వ శతాబ్దం చివర్లోనే సముద్రపు పాయ కింద తవ్వించాడు. అలల మధ్యే షాఫ్ట్ నోరు కట్టి, బొగ్గును నేరుగా ఓడల్లోకి ఎత్తించాడు. 1625 నాటి తుఫానుకు అది కొట్టుకుపోయింది.

నన్నడిగితే సాల్టమ్ గొప్పతనం మొదటిదా రెండోదా అన్నదాంట్లో లేదు. షాఫ్ట్ దింపుతుండగా రాతి పగుల్లోంచి గ్యాస్ బుసకొట్టింది. కొవ్వొత్తి చూపిస్తే నీటి మీదే మంట లేచింది. పనివాళ్లు బెదిరిపోయి టోపీలతో కొట్టి ఆర్పారు. ఇన్‌చార్జి కార్లైల్ స్పెడింగ్ ఆ గ్యాస్‌ను గొట్టం ద్వారా పైకి తెచ్చి బయట వదిలాడు. అది ఏళ్ల తరబడి తగ్గకుండా వస్తూనే ఉంది. గని యజమాని సర్ జేమ్స్ లోథర్ ఆ గ్యాస్‌ను తిత్తుల్లో నింపి లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి పంపిస్తే, అక్కడ వెలిగించి చూశారు. ఇప్పుడు మనం మీథేన్ డ్రైనేజీ అంటూ సెమినార్లు పెట్టుకునే పనికి ఇదే తొలి రూపం.

అపోహ: స్టీల్ మిల్, ఆ తర్వాత డేవీ దీపం వచ్చాక పేలుళ్లు ఆగిపోయాయి.

స్టీల్ మిల్ అంటే ఉక్కు ఫ్యాక్టరీ అనుకోకండి. గ్యాస్ ఉన్నచోట కొవ్వొత్తి పనికిరాదని స్పెడింగ్ కనిపెట్టిన చేతి యంత్రం అది. పిడి తిప్పితే పళ్ల చక్రం వల్ల ఒక ఉక్కు బిళ్ల గిరగిరా తిరుగుతుంది. దానికి చెకుముకి రాయి ఆనిస్తే రవ్వలు రాలతాయి. ఆ రవ్వల వెలుగులో పక్కవాడు బొగ్గు కొట్టాలి. దీన్ని తిప్పడానికే ఒక కుర్రాణ్ని పెట్టేవారు. రవ్వల రంగు, సైజు మారడాన్ని బట్టి గ్యాస్ ఎంతుందో అనుభవం ఉన్నవాళ్లు పసిగట్టేవారట. ఈ రవ్వలకు గ్యాస్ అంటుకోదని నమ్మారు. అది తప్పు. సమయం కలిసిరాకపోతే ఆ రవ్వే చాలు. 1755లో గనిలో జరిగిన పేలుడులోనే స్పెడింగ్ చనిపోయాడు.

1815లో వచ్చిన డేవీ దీపం, అంటే మంట చుట్టూ సన్నటి తీగ జాలీ ఉన్న గని దీపం, దీనికంటే చాలా మేలు. వత్తి తగ్గించి చూస్తే మంట మీద లేత నీలం టోపీలా కనబడుతుంది, దాని ఎత్తును బట్టి గ్యాస్ శాతం చెప్పొచ్చు. మన దగ్గర గ్యాస్ టెస్టింగ్ పరీక్షకు కూర్చున్న ఏ ఓవర్‌మన్‌కైనా (గనిలో పని చూసే సూపర్‌వైజర్) ఆ టోపీ కోసం కళ్లు చికిలించిన టెన్షన్ గుర్తుంటుంది. కానీ దీపం చేతికొచ్చాక యజమానులు చేసిందేమిటి? అంతకుముందు గ్యాస్‌కు భయపడి వదిలేసిన చోట్లకు మళ్లీ మనుషుల్ని పంపారు. వైట్‌హేవెన్‌లోని హేగ్ పిట్‌లో 1922లో 39 మంది, 1931లో 27 మంది పేలుళ్లలో పోయారు. ఇవన్నీ డేవీ దీపం వచ్చి వందేళ్లు దాటాక జరిగినవి.

అపోహ: ప్రైవేటు యజమానుల లాభాపేక్షే ప్రమాదాలకు కారణం, జాతీయం చేయగానే తీరిపోయింది.

బ్రిటన్ గనులు 1947 జనవరి 1న జాతీయమయ్యాయి. అదే ఏడాది ఆగస్టు 15న, మన దగ్గర జెండా ఎగిరిన రోజునే, వైట్‌హేవెన్‌లోని విలియం పిట్‌లో పేలుడు జరిగి 104 మంది చనిపోయారు. ముగ్గురు మాత్రం దాదాపు 20 గంటల తర్వాత తమంతట తామే నడిచి వచ్చారు. బొగ్గు పగలగొట్టడానికి పేల్చిన మందుకు (బ్లాస్టింగ్ షాట్) గ్యాస్ అంటుకుందని విచారణలో తేలింది. బోర్డు మీద పేరు మారినంత మాత్రాన అంతకుముందు ఏడాదుల గాలిదారులు, అలవాట్లు మారవు. జాతీయీకరణ వల్ల మేలు జరగలేదని నేను అనను, జరిగింది, కానీ మెల్లగా.

అపోహ: బ్రిటన్ 1842 గనుల చట్టంతో గనుల్లో ఆడవాళ్ల పని ముగిసింది.

ఆ చట్టం ఆపింది భూగర్భంలో పనిని. ఆడవాళ్లనూ, పదేళ్లలోపు మగపిల్లలనూ లోపలికి దించకూడదంది. గని పైన బొగ్గులోంచి రాళ్లు ఏరే పని మాత్రం ఆడవాళ్లే చేశారు. ఈ ప్రాంతంలో వాళ్లను స్క్రీన్ లాసీలు (బొగ్గు జల్లెడల దగ్గరి అమ్మాయిలు) అనేవారు. లోకా గ్రామంలోని హారింగ్టన్ నంబర్ 10 గనిలో 1972 దాకా ఉన్నారు.

అపోహ: ఆవిరి యంత్రాలు, రైళ్లు వచ్చాకే ఊరు పుట్టింది.

అంతకుముందే. 17వ శతాబ్దంలోనే లోథర్ కుటుంబం గళ్ల నుడికట్టులా వీధులు గీసి ఊరు కట్టించింది, ఐర్లండ్‌లోని డబ్లిన్ పొయ్యిలకు ఓడల్లో బొగ్గు పంపింది. 1778లో అమెరికా నౌకాదళం కెప్టెన్ జాన్ పాల్ జోన్స్ ఈ రేవు మీద పడిందీ బొగ్గు ఓడలను తగలబెట్టడానికే. ఒక్క ఓడకు నిప్పు పెట్టి వెళ్లిపోయాడు.

అపోహ: అక్కడ మళ్లీ కొత్త గని తెరిచారు, కరెంటు కోసం.

చివరి పెద్ద గని హేగ్ 1986లో మూతపడింది. 2022 డిసెంబరులో కొత్త గనికి ప్రభుత్వం అనుమతిచ్చిన మాట నిజమే. అది కరెంటుకు కాదు, ఉక్కు తయారీకి వాడే కోకింగ్ బొగ్గు కోసం. బొగ్గు తవ్వడమే కాక దాన్ని కాలిస్తే వచ్చే కాలుష్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలంటూ 2024 సెప్టెంబరులో లండన్ హైకోర్టు ఆ అనుమతిని కొట్టేసింది. అదే నెలాఖరున బ్రిటన్‌లో చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం కూడా ఆగిపోయింది.