కోనసీమ గగనంలో అత్యవసర అవరోహణ సాధన

చిన్న విమానంలో మంట లేచినా, పొగ కమ్ముకున్నా, ప్రయాణికుడికి ప్రాణం మీదికి వచ్చినా పైలట్ వీలైనంత త్వరగా కిందికి రావాలి. దీన్నే అత్యవసర అవరోహణ అంటారు. ముక్కు వంచి దూకించడమే ఇదని చాలామంది అనుకుంటారు. కానీ వేగాన్ని హద్దు దాటనివ్వకుండా ఎత్తును త్వరగా తగ్గించుకోవడమే ఇందులోని అసలు నేర్పు. అందుకే ఇంజిన్ శక్తిని పెంచి తగ్గించే థ్రాటిల్‌ను పూర్తిగా తగ్గించి, తయారీదారు పుస్తకం అనుమతించిన మేరకే ఫ్లాప్స్ (రెక్కల వెనుక అంచున కిందికి వంగే పలకలు) దించి, 30 నుంచి 45 డిగ్రీలు ఒక పక్కకు వాలి, చుట్లు తిరుగుతూ దిగుతారు. అలా వాలడం వల్ల కిందనున్న ఇతర విమానాలు కంటపడతాయి, లోపలివారు సీట్ల నుంచి పైకి లేవరు. వాలు మరీ ఎక్కువై వేగం పెరుగుతుంటే ముందుగా రెక్కలను సమం చేసి, ఆ తరువాతే ముక్కును మెల్లగా ఎత్తాలి; వాలి ఉండగానే కంట్రోల్‌ను వెనక్కి లాగితే సుడి మరింత బిగుసుకుంటుంది.

హద్దులు విమానాన్ని బట్టి మారతాయి. సెస్నా 172ఎస్ అనే చిన్న విమానంలో 163 నాట్లు, అంటే గంటకు సుమారు 300 కిలోమీటర్లు, ఎన్నడూ దాటరాని వేగం. ఫ్లాప్స్ పూర్తిగా దించితే 85 నాట్లే హద్దు. గాలి కుదుపులున్నప్పుడు ఇంకా నెమ్మదిగా దిగాలి. వేసవి మధ్యాహ్నాలలో వేడెక్కిన నేల నుంచి గాలి పైకి లేచి కుదుపులు పుట్టిస్తుంది కనుక ఉదయపు వేళలే సాధనకు మేలు; సంక్రాంతి రోజులలో మాత్రం పొగమంచు విడిచేదాకా ఆగక తప్పదు.

డెల్టాలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది గాలిలోని తేమ. ఇంజిన్‌కు వెళ్లే గాలిలో పెట్రోలును కలిపే కార్బురేటర్‌లో ఆ పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు, ఇరుకు దారిలో గాలి పీడనం పడిపోయేటప్పుడు అక్కడి ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు పైగా తగ్గవచ్చు. బయట 25 డిగ్రీల వెచ్చదనం ఉన్నా, చల్లని చెంబుకు చెమ్మ పట్టినట్టు తేమ అక్కడ చేరి, గాలి దారిని తెరిచి మూసే థ్రాటిల్ రేకు అంచున మంచుగా గడ్డకడుతుంది. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడే ఈ ప్రమాదం ఎక్కువ. కింద మళ్లీ థ్రాటిల్ తెరిచేసరికి ఇంజిన్ పలకకపోతే సాధన కాస్తా నిజమైన ఆపదవుతుంది. అందుకే సెస్నా 152 వంటి విమానాలలో థ్రాటిల్ తగ్గించడానికి ముందే కార్బ్ హీట్ (కార్బురేటర్‌కు వేడి గాలినిచ్చే ఏర్పాటు) తెరవాలి, దిగుతున్నంతసేపూ మధ్యమధ్య ఇంజిన్‌కు కొంచెం శక్తినిచ్చి చూసుకోవాలి. 172ఎస్ ఇంజిన్‌కు కార్బురేటర్ లేదు కనుక దానికి ఈ బెడద లేదు.

ఏ ఎత్తు దగ్గర ఆపాలో దిగడం మొదలుపెట్టకముందే శిక్షకుడూ విద్యార్థీ పైకి చెప్పుకోవాలి. నిమిషానికి 2,000 అడుగుల చొప్పున దిగితే 5,000 నుంచి 2,500 అడుగులకు చేరడానికి 75 సెకన్లే పడుతుంది. కోనసీమ నేల దాదాపు సముద్రమట్టంలోనే ఉంటుంది కనుక ఎత్తును చూపే ఆల్టీమీటర్‌లో కనిపించే అంకే నేల నుంచి ఉన్న ఎత్తూ ఇంచుమించు ఒకటే. అయినా, ఒకే తీరున పరుచుకున్న కొబ్బరితోటల మీద, సముద్రం మీద కంటి అంచనాను నమ్మరాదు. కోరింగ మడ అడవులూ చేపల చెరువులూ పక్షులను రప్పిస్తాయి కాబట్టి ఆగే ఎత్తు ఎక్కువగా ఉండడమే క్షేమం. రాజమహేంద్రవరం దగ్గరి మధురపూడి విమానాశ్రయానికి వచ్చిపోయే విమానాల దారికి దూరంగా, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌కు ముందే తెలిపి సాధన చేయాలి.

ఇంత త్వరగా దిగేటప్పుడు చెవులలో పీడనం సర్దుకోవడానికి తరచూ మింగుతుండాలి. జలుబుతో ముక్కు దిబ్బడ వేసినవారు ఆ రోజుకు సాధన మానుకోవాలి.