గొడుగు పట్టుకుని వచ్చిన ఆయన

చిట్టితల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కలలో బస్సు కోసం నిలబడి ఉంటే గొడుగు పట్టుకున్న ఒకాయన "అదిగో పాపా, నీ బస్సు వచ్చేసింది" అన్నాడు, అంతలో మెలకువ వచ్చేసింది అని రాశావు. అన్నయ్యకేమో గుర్రమెక్కి మబ్బుల్లో తిరిగే కలలు, నాకు మాత్రం ఇలాంటి చప్పటివి, అయినా తెలియనివాళ్ళు నా కలలోకి ఎందుకొస్తారు తాతయ్యా అని అడిగావు. మీ అన్నయ్య గుర్రం సంగతి ఏమోగానీ నాకు నీ గొడుగాయన తెగ నచ్చాడు. ఈ అనుమానం మిగతా పిల్లలకీ వచ్చే ఉంటుంది కాబట్టి జవాబు అందరికీ కలిపి రాస్తున్నాను.

నా చిన్నప్పుడు మా అమ్మ దగ్గర ఒక గుండీల డబ్బా ఉండేది. చొక్కా చిరిగిపోతే గుండీలు కోసి అందులో వేసేది, దారిలో దొరికినవి నేను ఏరుకొచ్చి వేసేవాణ్ణి. సెలవురోజు మధ్యాహ్నం అన్నీ నేల మీద కుమ్మరించి, రెండు చిల్లులవి ఒక జట్టు, నాలుగు చిల్లులవి ఇంకో జట్టు చేసి యుద్ధం పెట్టేవాణ్ణి. ఎప్పుడూ నాలుగు చిల్లులవే గెలిచేవి, ఎందుకని అడక్కు.

మన బుర్రలోనూ అలాంటి డబ్బా ఒకటుందనుకో. పగలు నువ్వు చూసిన మొహాలు, విన్న గొంతులు, ఎవరి చేతిలోనో ఉన్న గొడుగు, అన్నీ అందులో పడతాయి. రాత్రి ఒక దర్జీ నిద్రమత్తులోనే చెయ్యిపెట్టి, అందిన గుండీని అందిన చొక్కాకి కుట్టేస్తాడు. గొడుగు ఒకరిది, గొంతు ఇంకొకరిది, మీసం ఎవరిదో. కొన్ని గుండీలకి పాత దారం ముక్క ఇంకా వేలాడుతూనే ఉంటుంది చూడు, అందుకే కలలో కొత్తవాళ్ళు కనిపించినా ఈయన్ని ఎక్కడో చూశానే అనిపిస్తుంది. మరి అసలెప్పుడూ చూడని మొహం వస్తేనో? అప్పుడు దర్జీ రెండు గుండీలు అరగదీసి, కలిపి... లేదులే, నా డబ్బాకి మూత పట్టడం లేదు. ఇక్కడితో ఆపుతాను.

ఆ దర్జీ పనిచేసే వేళ మాత్రం బయటికే తెలుస్తుంది. నిద్ర గురించి పరిశోధన చేసిన యూజీన్ అసరిన్‌స్కీ అనే ఆయన, తన ఎనిమిదేళ్ళ కొడుకు నిద్రపోతుంటే కళ్ళ దగ్గర తీగలు అంటించి చూశాడు. మూసిన రెప్పల వెనక కళ్ళు ఒకటే పరుగులు! యంత్రం పాడైందేమో అనుకున్నాడట ముందు. తర్వాత, కళ్ళు అలా కదిలే సమయంలో పెద్దవాళ్ళని లేపి అడిగితే చాలామంది అప్పుడే వచ్చిన కల చెప్పారు. ఆయనా, ఆయన గురువు నథానియెల్ క్లైట్‌మన్ కలిసి 1953లో ఈ సంగతి ప్రకటించారు. రాత్రిలో సుమారు 90 నిమిషాలకొకసారి ఈ పరుగులు వస్తాయి. ఇంట్లో పసిపాప ఉంటే నిద్రలో రెప్పలు చూడండి, లేపకుండా.

ఇప్పుడు నా గుండీ ఒకటి చూపిస్తాను. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు రోజూ పొద్దున ఒకాయన సైకిల్ మీద మా ఇంటి ముందునుంచి వెళ్ళేవాడు. నేను అరుగు మీద కనబడితే రెండుసార్లు బెల్లు కొట్టేవాడు, నేను చెయ్యి ఊపేవాణ్ణి. పేరు అడగలేదు, ఆయనా నా పేరు అడగలేదు. ఎప్పుడో రావడం మానేశాడు, అది కూడా నేను వెంటనే గమనించలేదు (ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది). పోయిన నెల కలలో వచ్చాడు. ఏం జరగలేదు, బెల్లు కొట్టి వెళ్ళిపోయాడు, రెండుసార్లే. ఆ రోజంతా నాలో నేనే నవ్వుకుంటూ తిరిగాను. అరవై ఏళ్ళపాటు ఆ బెల్లు డబ్బాలో ఎక్కడ దాక్కుందో!

పెద్ద కలలు కనండి అని మీకు అందరూ చెబుతారు, చెప్పనివ్వండి. నాకు మాత్రం బస్సు వచ్చిందని చెప్పే కల కూడా గొప్పగానే ఉంటుంది, కానీ అందులోకి మనుషులు రావాలంటే పగలు తలెత్తి చూడాలి కదా. ఫోన్‌లో మొహం పెట్టుకుంటే డబ్బాలోకి ఏం పడుతుంది? చికాగోలో రైల్లో పనికి వెళ్ళేవాళ్ళని పక్కవాళ్ళతో కబుర్లు చెప్పమని నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ అనే పరిశోధకులు అడిగారు, ఏం తేలిందో 2014లో అచ్చువేశారు. కొత్తవాళ్ళతో మాటలా, మౌనంగా కూర్చుంటేనే హాయి అని జనం ఊహించారు. తీరా చూస్తే మాట్లాడినవాళ్ళకే ప్రయాణం బాగా గడిచింది. మీరు మాత్రం ఇంట్లో పెద్దవాళ్ళు పక్కన ఉన్నప్పుడే పలకరించండి. రమ్మన్నారని ఎవరి వెంటా వెళ్ళకండి, ఈ విషయంలో తాతయ్య కాస్త చాదస్తుడే. దూరంనుంచి చెయ్యి ఊపడానికి ఏ టెన్షనూ అక్కర్లేదు.

తల దగ్గర ఒక కాగితం, పెన్సిలు పెట్టుకుని పడుకో. కల ఇట్టే చెరిగిపోతుంది, మొహం కడుక్కోకముందే రాసెయ్యి. గుర్రమే వచ్చినా సరే, దాని పక్కన ఎవరు నిలబడ్డారో అది కూడా రాయి.

అన్నట్టు, నీ కలలో వాన పడుతోందా? గొడుగు తెరిచి ఉందా, మూసి ఉందా? అది రాయలేదు నువ్వు.

మీ తాతయ్య