జానీ లోగన్: లొరీన్ సమం చేసింది సగమే

యూరోవిజన్ అంటే యూరప్ దేశాల మధ్య ఏటా జరిగే పాటల పోటీ. 2023 మే నెలలో స్వీడన్ గాయని లొరీన్ లివర్‌పూల్‌లో దాన్ని రెండోసారి గెలిచింది. దాంతో ఐర్లండ్ గాయకుడు జానీ లోగన్ అనే పాత పేరు మళ్ళీ బయటికొచ్చింది. అప్పటిదాకా రెండుసార్లు గెలిచిన గాయకుడు అతనొక్కడే మరి. రికార్డు సమమైందన్నారు. గాయకుడి లెక్క వరకూ అది నిజమే. కానీ లోగన్ ఖాతాలో ఇంకో లెక్క కూడా ఉంది.

1956లో మొదలైన యూరోవిజన్ పాటల పోటీయే తప్ప గాయకుల పోటీ కాదు. అక్కడ గెలిచేది పాట. ప్రతి పాటకీ ముందు రాసినవాళ్ళ పేర్లు తెరమీద పడతాయి, కానీ వాటిని ఎవరు చదువుతారు? జనానికి గుర్తుండేది పాడిన మనిషే.

లోగన్‌కి కూడా మొదట వచ్చిన పేరు ఇంకొకరి పాటతోనే. అసలు పేరు షాన్ షెరార్డ్. 1954లో మెల్‌బోర్న్ దగ్గర ఫ్రాంక్‌స్టన్‌లో పుట్టాడు. తండ్రి పాట్రిక్ ఓహేగన్ పేరుతో కచేరీలు చేసిన ఐరిష్ గాయకుడు. పిల్లాడికి మూడేళ్ళప్పుడు కుటుంబం ఐర్లండ్ వచ్చేసింది. పెద్దయ్యాక ఎలక్ట్రీషియన్ పని నేర్చుకుంటూ పబ్బుల్లో పాడేవాడు. 1979లో యూరోవిజన్‌కి పాటను ఎంచుకునే ఐర్లండ్ పోటీకి వెళ్తే మూడో స్థానం దక్కింది.

మరుసటి ఏడాది షే హీలీ రాసిన ‘వాట్స్ అనదర్ ఇయర్’ అతని చేతికొచ్చింది. తల్లి పోయాక ఒంటరైన తండ్రిని చూసి హీలీ రాసుకున్న పాట అది. గెలిచిన దేశమే మరుసటి ఏడాది పోటీ జరపడం ఆనవాయితీ. 1979లో గెలిచిన ఇజ్రాయెల్ మళ్ళీ పోటీ జరపలేనంది కాబట్టి 1980లో నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో పెట్టారు. ముందు సాక్సఫోన్ వినిపిస్తుంది. పాతికేళ్ళ కుర్రాడు ఎత్తు స్టూలు మీద కూర్చుని, ఏ హడావుడీ లేకుండా పాడేస్తాడు. 143 పాయింట్లు వచ్చాయి. బ్రిటన్ చార్టులో రెండు వారాలు మొదటి స్థానం.

తర్వాత వచ్చిన పాటలు ఆడలేదు. ఒక్క హిట్టుతో సరిపోయిందనుకున్నారు. అప్పుడతను రాయడం మీద పడ్డాడు. 1984లో అతను రాసిన ‘టెర్మినల్ 3’ని లక్సెంబర్గ్‌లో జరిగిన పోటీలో ఐర్లండ్ తరఫున గాయని లిండా మార్టిన్ పాడింది. 137 పాయింట్లతో రెండో స్థానం. 145 తెచ్చుకుని గెలిచింది స్వీడన్.

1987లో బ్రస్సెల్స్ వేదిక మీదికి తెల్ల సూటులో తనే వచ్చాడు. ‘హోల్డ్ మీ నౌ’కి మాటా, బాణీ రెండూ తనవే. 172 పాయింట్లు. గెలిచాక మళ్ళీ పాడమంటే ఏడుపు ఆగక గొంతు పట్టేసింది. ఏడేళ్ళ క్రితం స్టూలు మీద కూర్చుని అంత నింపాదిగా పాడినవాడు ఇతనేనా అనిపిస్తుంది. నా మటుకు నాకు, అతని కెరీర్‌లో చూడాల్సిన వీడియో ఇదే.

ఈ కథలో పాపం జర్మన్ స్వరకర్త రాల్ఫ్ సీగెల్ కూడా ఉన్నాడు. 1980లో రెండో స్థానం అతని పాటదే, 1987లోనూ అతని పాటదే. రెండుసార్లూ లోగనే అడ్డొచ్చాడు. మధ్యలో 1982లో గెలిచాడు కాబట్టి అతనికీ ఒక ట్రోఫీ దక్కింది, నయం.

1992లో లోగన్ రాసిన ‘వై మీ?’తో లిండా మార్టిన్ స్వీడన్‌లోని మాల్మోలో గెలిచింది. ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. 1977 నుంచి 1998 దాకా ఏ దేశమైనా తన భాషలోనే పాడాలని రూలుండేది. ఇంగ్లీషులో పాడే వీలు ఐర్లండ్, బ్రిటన్, మాల్టాలకే. 1992లో మొదటి మూడు స్థానాలూ సరిగ్గా ఆ మూడింటివే. 1999లో రూలు ఎత్తేశారు. 1996 తర్వాత ఐర్లండ్ మళ్ళీ గెలవలేదు. అలాగని అంతా భాష పుణ్యమే అనలేం. అదే రూలు కింద బ్రిటన్ గెలిచింది రెండుసార్లే, 1992 నుంచి 1996 మధ్య ఐర్లండ్ ఒక్కటే నాలుగు గెలిచింది.

పాడి రెండు, రాసి ఇంకొకటి, మొత్తం మూడు గెలుపులు. రికార్డులో లొరీన్ అందుకోనిది ఆ మూడోదే. 2024లో పోటీ మళ్ళీ మాల్మోకి వచ్చింది. మొదటి సెమీఫైనల్ రాత్రి అతిథిగా డెబ్బై ఏళ్ళకి దగ్గరపడ్డ లోగన్ వేదికెక్కాడు. పాడింది తన పాట కాదు. లొరీన్ 2012లో గెలిచిన ‘యూఫోరియా’.