ఉప్పు రెండు కిలోమీటర్లు దాటిన కథ

కోనసీమలోనూ పశ్చిమ గోదావరిలోనూ రొయ్యల చెరువుల గొడవ మళ్లీ రచ్చకెక్కింది. పక్కచేను చవుడు తేలిందని వరి రైతు, లైసెన్సు ఉందని చెరువు రైతు. టైగర్ రొయ్య వైభవం, దాన్ని దెబ్బతీసిన తెల్లమచ్చ వైరస్ రోగం, తీరంలో చెరువులు తొలగించమన్న 1996 సుప్రీంకోర్టు తీర్పు అందరికీ తెలిసినవే. ఇప్పటి తగాదాకు మొదలు మాత్రం 2009. వనామీ అనే విదేశీ రొయ్య పెంపకానికి కేంద్రం తలుపులు తీసిన ఏడాది అది.

టైగర్ అడుగున తిరుగుతుంది. వనామీ నీళ్లంతటా తిరుగుతుంది కాబట్టి ఒత్తుగా వేయొచ్చు. చదరపు మీటరుకు 60 పిల్లల దాకా నిబంధన ఒప్పుకుంది. ఎకరాకు దాదాపు 2.4 లక్షల సీడ్! పైగా లీటరుకు రెండు మూడు గ్రాముల ఉప్పున్న బోరు నీళ్లలోనూ బతుకుతుంది. రొయ్యపిల్లలను పుట్టించే హేచరీలోనే ఉప్పు మెల్లగా దించి అలవాటు చేసి పంపుతారు. పొటాషియం, మెగ్నీషియం తక్కువైతే రొయ్య కొంకర్లు పోయి పెంకు విడిచేటప్పుడు చస్తుంది, అందుకే ఆ ఖనిజాలు బస్తాలతో చల్లుతారు. టైగర్‌నూ తక్కువ ఉప్పులో పెంచినవాళ్లు లేకపోలేదు. కానీ గిట్టుబాటు లెక్క కుదిర్చింది వనామీయే. దాంతో సముద్రం వాసన తెలియని వరి ఆయకట్టులోకి చెరువు నడిచొచ్చింది.

ఇక్కడే చట్టం చెయ్యి పొట్టిదైంది. 2005 నాటి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం పరిధి సముద్రం, ఏరు, ఉప్పుటేరు పోటుగీత (పోటు నీరు వచ్చి చేరే హద్దు) నుంచి 2 కిలోమీటర్లు. ఎంత చిన్న వనామీ చెరువుకైనా, వదిలే నీటిని నిలబెట్టి తేర్చే చెరువు వేరుగా ఉండాలని 2009 నిబంధనల్లోనే ఉంది. రెండెకరాల రైతు అందుకు జాగా వదులుకోడు, రొయ్యలు పట్టగానే నీళ్లు తిన్నగా డ్రెయిన్‌లోకి వదిలేస్తాడు. లోపలి చెరువులకూ లైసెన్సు పెడుతూ రాష్ట్రం సొంత చట్టం తెచ్చేసరికి 2020 వచ్చింది.

వరి రైతు చెప్పేదానికి నేలే సాక్ష్యం. నేల ఉప్పు మీటరుకు 3 డెసిసీమెన్లు (కరెంటు ఎంత పారుతుందో చూసి ఉప్పును కొలిచే లెక్క) దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. లీటరుకు 5 గ్రాముల ఉప్పున్న చెరువు నీరు సుమారు 9 డెసిసీమెన్లు. గట్టు వెంట ఊటకాలువ తవ్వకపోతే ఆ నీరు నెలల తరబడి పక్కచేలోకి ఊరుతూనే ఉంటుంది. ముందు గట్టువారగా పైరు ఆకుకొనలు ఎండుతాయి, తర్వాత తాలు. రెండు పంటలు చూసి ఆ రైతూ భూమిని చెరువుకే లీజుకిస్తాడు. అతను 'ఇష్టపడి ఇచ్చాడని' కాగితం మీద ఉంటుంది. నాట్లకూ కలుపుకూ వెళ్లే ఆడవాళ్ల పని ఆ గట్టు దగ్గరే ఆగిపోతుంది. చెరువుకు కావలసింది కాపలాదారుడు, నీటికి గాలి అందించే ఏరేటర్లకు కరెంటు.

చెరువు రైతులు కొట్టిపారేయలేని మాట ఒకటి అంటున్నారు: మేత ధర, కౌంటు ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయన్న లెక్కన పలికే ధర) తమ చేతిలో లేవు, 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచిన దెబ్బ తమ మీదే పడింది. నష్టాలతో ఖాళీ అయిన చెరువును మళ్లీ వరికి మళ్లించండన్న సలహా ఇందుకే తరచూ వినిపిస్తోంది. అదేమీ తేలిక కాదు. నల్లబురద ఎత్తిపోయాలి, నేల చదును చేయాలి, కాలువ నీళ్లు పలుమార్లు నిలగట్టి ఉప్పును కిందికి దించి డ్రెయిన్‌లోకి వదలాలి. ఆ డ్రెయిన్‌లో అప్పటికే పక్క చెరువు నీళ్లు నిండుగా ఉంటాయి.