ఏనుగు దంతం చిలకైన వైనం

ఎంవీపీ కాలనీలో మా ఫ్లాటుకి వచ్చిన అమ్మ, స్కూలు నుంచి వచ్చిన మా అమ్మాయితో "ఆ సంచీ చిలక్కొయ్యకి తగిలించమ్మా" అంది. పిల్ల గోడలన్నీ వెతికింది, చిలక కనపళ్లేదు. అమ్మ చూపించింది మేం అంటించుకున్న ప్లాస్టిక్ హుక్కుని. (విశాఖ ఉక్కకి అది నెలకోసారి ఊడి పడుతుంది, ఆ గొడవ వేరు.)

చిలక్కొయ్య అంటే బట్టలూ సంచులూ తగిలించడానికి గోడలోకి దిగేసిన కర్ర మేకు. చిలుకకొయ్య అన్నది వాడుకలో నలిగి చిలక్కొయ్య అయింది. బయటికి పొడుచుకొచ్చిన కొసని చిలక తలలా చెక్కేవారు. అందం సంగతలా ఉంచితే, తల పైకి లేచి మెడ దగ్గర పల్లంగా ఉంటే తగిలించింది జారదు.

దీనికే సంస్కృతంలో నాగదంతం అని పేరు. నాగం అంటే ఇక్కడ పాము కాదు, ఏనుగు. గోడలోంచి దంతంలా పొడుచుకొస్తుంది కదా! వాత్స్యాయనుడి కామసూత్రాల్లో నాగరకుడి, అంటే పట్నపు రసికుడి, గదిలో వీణ వేలాడేది నాగదంతానికే. హితోపదేశంలో సన్యాసి తినగా మిగిలింది భిక్షాపాత్రలో పెట్టి, నాగదంతం మీద ఉంచి పడుకుంటాడు. ఎలుక రోజూ ఎగిరి తినిపోతుంది. 1853లో పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికలో ఆ కథే చెబుతూ పాత్రని చిలుకకొయ్య మీద పెట్టించాడు. అంతటి పండితుడికి నాగదంతం తెలియకనా? తెలుగింటి గోడకున్నది చిలక మరి. ఆ ఒక్క మాటతో ఎలుక కూడా మన ఊరిదైపోయిందనిపిస్తుంది నాకు.

ఉట్టిని కృష్ణాష్టమి కాపాడింది, బట్టలారేసే దండేన్ని బాల్కనీ కాపాడింది. చిలక్కొయ్యకి అలాంటి అండ దొరకలేదు. మట్టిగోడలు పోయి సిమెంటు వచ్చింది, బీరువాలొచ్చాయి, వాటిలోకి హ్యాంగర్లొచ్చాయి.

వన్‌టౌన్‌లో మా పెద్దమ్మ వాళ్ల పెంకుటింట్లో ఇంకా ఒకటుంది. సున్నం మీద సున్నం, పెయింటు మీద పెయింటు పడి కన్నేదో ముక్కేదో తెలీదు. ఇప్పుడు దానికి ఓ గొడుగు, తీగకి గుచ్చిన కరెంటు బిల్లుల కట్ట వేలాడుతున్నాయి. మొన్న మా అమ్మాయిని ఎత్తుకుని చూపిస్తే కాసేపు వేలితో తడిమి, "ముక్కు ఇటువైపా?" అని అడిగింది.